ఎముకల మీది బొడిపెలు: మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలు

మొదటి ఏడాది పశువైద్య విద్యార్థులకు అనాటమీ చెప్పే పని నాది. ఏటా బ్యాచ్ మారుతుంది గానీ సందేహాలు మారవు. ఊరెళ్తే చుట్టాలు ఉండనే ఉన్నారు: "నీకు ఎముకల సంగతి తెలుసు కదా, ఇదేంటో చూడు" అంటూ చెవి వెనకో, మోకాలి కిందో వేలు పెట్టి చూపిస్తారు. ఇద్దరికీ చెప్పీ చెప్పీ చివరికి ఇలా రాసిపెట్టేశాను. ప్రశ్నలు వాళ్ల మాటల్లోనే ఉంచాను. మీకు కావాల్సిన చోట మొదలుపెట్టండి.

## పుస్తకం కొత్తగా తెరిచినవాళ్లకి

అన్నీ బొడిపెలే కదా సార్, ఇన్ని పేర్లెందుకు?

ఆ బొడిపె అక్కడ ఏం పని చేస్తోందో పేరే చెబుతుంది కాబట్టి. ఎముక మీద ఎత్తుగా ఉన్నవి స్థూలంగా రెండు జాతులు. ఒకటి, పక్క ఎముకతో కలిసి కీలు కట్టేవి. ఇవి నున్నగా ఉంటాయి. బతికున్న ఒంట్లో వీటి మీద మృదులాస్థి పూత కూడా ఉంటుంది. హెడ్, కాండైల్ ఇలాంటివి. రెండోది, కండరాలూ, ఎముకని ఎముకతో కట్టే పట్టీల్లాంటి లిగమెంట్లూ పట్టుకుని లాగే చోట్లు. ఇవి గరుకుగా ఉంటాయి. ట్యూబర్కిల్, ట్యుబరాసిటీ, ట్రోకాంటర్, ఎపికాండైల్, క్రెస్ట్, స్పైన్ అన్నీ ఈ రెండో జాతివే. ఎవరైనా ఎముక చేతికిచ్చి పేరు అడిగితే ముందు బొటనవేలితో రాసి చూడండి. నున్నగా ఉందో గరుకుగా ఉందో తేలితే సగం జవాబు దొరికినట్టే.

ట్యూబర్కిల్, ట్యుబరాసిటీ, ట్రోకాంటర్: తేడా సైజు ఒక్కటేనా?

చాలావరకు అంతే. లాటిన్‌లో ట్యూబర్ అంటే ఉబ్బు. బంగాళదుంపని వృక్షశాస్త్రం వాళ్లు ట్యూబర్ అనేదీ ఈ మాటతోనే. కాబట్టి ట్యూబర్కిల్ అంటే చిట్టి దుంప, ట్యుబరాసిటీ అంటే దుంపలా ఉబ్బి గరుకుతేలిన చోటు అనుకోండి. వీటి మధ్య హద్దు మాత్రం గట్టిది కాదు. దండచేయి ఎముక పైకొసన ఉండే పెద్ద బొడిపెని ఇప్పటి పుస్తకాలు గ్రేటర్ ట్యూబర్కిల్ అంటాయి. పాత పుస్తకాల్లో, ఎముకల డాక్టర్ల నోట గ్రేటర్ ట్యుబరాసిటీ అని వినిపిస్తుంది. రెండూ ఒకటే, కంగారుపడకండి.

ట్రోకాంటర్ సంగతి వేరు. ఎముకల్లో ఆ పేరు తొడ ఎముక బొడిపెలకే చెల్లుతుంది. మనిషికి గ్రేటర్, లెస్సర్ అని రెండు. గుర్రానికీ కుందేలుకీ మూడోది కూడా స్పష్టంగా ఉంటుంది, ఆవుకి ఉండదు. గుర్రం తొడ ఎముకనీ ఆవు తొడ ఎముకనీ పక్కపక్కన పెట్టి వైవాలో అడిగారంటే ఎగ్జామినర్ కన్ను ఈ మూడో బొడిపె మీదే ఉందని అర్థం.

ట్యూబర్కిల్ అంటే టీబీ గడ్డ కాదా?

మాట ఒకటే, వస్తువు వేరు. టీబీ వచ్చిన ఊపిరితిత్తుల్లో చిన్న చిన్న ఉండల్లాంటివి కనిపించేవి. వాటిని ట్యూబర్కిల్స్ అన్నారు, రోగానికి ట్యూబర్‌క్యులోసిస్ అన్న పేరు అలా వచ్చింది. ఎముక మీది ట్యూబర్కిల్ పుట్టుకతో రావాల్సిన మామూలు బొడిపె. రిపోర్టులో ఆ మాట చూసి ఏడుపు మొదలుపెట్టిన వాళ్లని చూశాను.

కాండైల్ అంటే కీలా, బొడిపెనా?

బొడిపే, కాకపోతే కీలు లోపల పనిచేసే బొడిపె. గ్రీకులో ఆ మాటకి మెటిక అని అర్థం. పిడికిలి బిగిస్తే మెటికలు ఎలా గుండ్రంగా తేలతాయో తొడ ఎముక కింది కొస అలా రెండు గుండ్రాలుగా ఉంటుంది. ఆ రెండూ మోకాలి దగ్గర కింది ఎముక మీద దొర్లుతాయి. వాటికి కాస్త పైన, పక్కగా, కీలు బయట ఉండే గరుకు చోటే ఎపికాండైల్. ఎపి అంటే పైన.

తెలుగు మీడియంలో చదివినవాళ్లకి ఇది కొత్త కాదు. ఇంటర్ జువాలజీలో ఏకకందయుత కపాలం, ద్వికందయుత కపాలం అని బట్టీ పట్టే ఉంటారు. ఆ కందమే ఈ కాండైల్. పుర్రె అడుగున వెన్నెముక మీద కూర్చునే బొడిపెలు కప్పకీ, మనలాంటి క్షీరదాలకీ రెండు, పక్షులకీ సరీసృపాలకీ ఒకటి. కందం అన్నా దుంపే కదా. లాటిన్ వాళ్లకీ మనవాళ్లకీ ఎముక మీద ఉబ్బు చూస్తే దుంపే గుర్తొచ్చింది.

ప్రాసెస్‌ని తెలుగులో ప్రక్రియ అని రాస్తే మార్కులు పోతాయా?

నేనైతే కోస్తాను. ఫోన్‌లో అనువాదం చేసి తెచ్చిన అసైన్‌మెంట్లలో "మాస్టాయిడ్ ప్రక్రియ" అని కనిపిస్తూనే ఉంది. ఎముకల విషయంలో ప్రాసెస్ అంటే ముందుకు పొడుచుకొచ్చిన భాగం. తెలుగు పాఠ్యపుస్తకాల్లో దానికి ప్రవర్ధం అనే మంచి మాట ఉంది. అది నోటికి రాకపోతే ప్రాసెస్ అని తెలుగు లిపిలో రాసేయండి, తప్పులేదు.

స్పైన్ కూడా ఇలాంటి ఉచ్చే. ప్రతి స్పైనూ వెన్నెముక కాదు. వీపు మీది రెక్క ఎముకకి అడ్డంగా గట్టులా లేచిన భాగాన్ని స్కాపులా స్పైన్ అంటారు. దాన్ని "రెక్క ఎముక యొక్క వెన్నెముక" అని రాసిన జవాబు పత్రం నా దగ్గర ఇప్పటికీ ఉంది.

కోరకాయిడ్, కోరొనాయిడ్, స్టైలాయిడ్... ఎలా గుర్తుపెట్టుకోవాలి?

పేరు పెట్టినవాళ్లు చూసిన బొమ్మని మీరూ చూడాలి. కోరకాయిడ్, కోరొనాయిడ్ రెండింటి వెనకా ఉన్నది కాకే. కాకి ముక్కులా వంపు తిరిగిందని అలా పిలిచారు. కోరకాయిడ్ భుజం దగ్గర రెక్క ఎముక మీద, కోరొనాయిడ్ కింది దవడ మీదా ముంజేతి అల్నా మీదా ఉంటాయి. స్టైలాయిడ్ అంటే గంటంలా సన్నగా మొనదేలినది. తాటాకు మీద రాసే గంటాన్ని తలుచుకుంటే చాలు. మాస్టాయిడ్ రొమ్ము ఆకారం. ఓడొంటాయిడ్ పన్ను ఆకారం, మెడలో రెండో పూస మీద నిలబడి ఉంటుంది. మాలియోలస్ చిన్న సుత్తి.

కోరకాయిడ్ గురించి ఒక ముచ్చట. మనకి అది ఉత్త బొడిపె. కోడికి అదే విడి ఎముక, భుజం నుంచి ఎద ఎముక దాకా బలంగా ఉంటుంది. ఆదివారం కూరలో మీరు దాన్ని చాలాసార్లు నమిలే ఉంటారు.

## మీ ఒంటి మీదే తడిమి చూసేటప్పుడు

చీలమండకి రెండు పక్కలా ఉన్న బొడిపెలు ఒకే ఎముకవేనా?

కాదు. లోపలి బొడిపె కాలి పెద్ద ఎముక టిబియా కొస, బయటిది సన్న ఎముక ఫిబులా కొస. రెంటినీ మాలియోలస్ అనే అంటారు. రెండు చేతుల చూపుడు వేళ్లు చెరో బొడిపె మీదా పెట్టి చూడండి, బయటిది కాస్త కిందికి ఉంటుంది. లోపలి వైపు లిగమెంటు వెడల్పు, బలం ఎక్కువ. బయటి వైపువి అంత బలమైనవి కావు. మెట్టు తప్పినప్పుడు పాదం లోపలికి మడతపడి, బయటి పక్క వాచేది ఎక్కువగా అందుకే.

చెవి వెనకాల గట్టిగా తగులుతోంది. గడ్డేమో అని టెన్షన్‌గా ఉంది.

ముందు రెండో చెవి వెనక కూడా తడమండి. అక్కడా అలాగే ఉంటే అది మాస్టాయిడ్ ప్రాసెస్, అందరికీ ఉండేదే. తల పక్కకి తిప్పితే మెడ మీద తాడులా తేలే కండరం వెళ్లి పట్టుకునేది దాన్నే. అప్పుడే పుట్టిన పిల్లల్లో ఇది తేలి ఉండదు, తల నిలిపి కండరం లాగడం మొదలయ్యాక పెరుగుతుంది. లోపల తేనెపట్టులా గాలి గదులుంటాయి.

బఠాణీ గింజలా ఉండి వేలి కింద అటూఇటూ కదిలితే అది ఎముక కాదు, లింఫ్ గ్రంథి అయ్యుండొచ్చు. పిల్లలకి చెవిలో చీము కారుతూ, చెవి వెనక ఎర్రగా వాచి, చెవి ముందుకు తోసుకొచ్చినట్టు కనిపిస్తే మాత్రం రేపటిదాకా ఆగకండి. ఆ గాలి గదుల్లోకి ఇన్‌ఫెక్షన్ పాకితే అలాగే ఉంటుంది.

తల వెనక మధ్యలో బొడిపె ఉంది. ఫోన్ ఎక్కువ చూడటం వల్ల కొమ్ము మొలిచిందంటున్నారు, నిజమేనా?

ఆ బొడిపె పేరు ఎక్స్‌టర్నల్ ఆక్సిపిటల్ ప్రొట్యూబరెన్స్. మెడ వెనక లిగమెంటు అక్కడ పట్టుకుంటుంది. కొందరికి బాగా తేలి ఉంటుంది, కొందరికి వెతికితే గానీ దొరకదు. మగవాళ్లలో సాధారణంగా పెద్దది. ఫోన్లు పుట్టక ముందటి పుర్రెల్లోనూ ఉంది.

కొమ్ము కథ 2019లో ప్రపంచమంతా తిరిగింది. దానికి ఆధారం 2018లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఒక ఎక్స్‌రే అధ్యయనం. అందులో ఎముక పొడవు కొలిచారు గానీ, ఎవరు ఎంతసేపు ఫోన్ చూశారన్నది కొలవలేదు. తర్వాత దానికి సవరణ కూడా వేశారు. సవరణని ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు, అది వేరే సంగతి.

మెడ కింద వెన్ను మొదట్లో పెద్దగా తగిలేది ఏ పూస?

తల బాగా వంచితే ఎత్తుగా తేలేది చాలామందిలో మెడ ఏడో పూస స్పైనస్ ప్రాసెస్. కొందరిలో దాని కిందిదే, అంటే ఛాతీ మొదటి పూసే, ఎక్కువ తేలుతుంది. డాక్టర్లు పూసలు లెక్కపెట్టడం ఇక్కణ్నుంచే మొదలుపెడతారు.

గొంతు ముడి ఎముకేనా?

కాదు, మృదులాస్థి. థైరాయిడ్ కార్టిలేజ్ ముందుకు తేలిన అంచు అది. మింగితే పైకీ కిందికీ కదులుతుంది చూడండి.

మోచేయి గోడకి తగిలితే కరెంట్ కొట్టినట్టు ఉంటుంది. అది ఏ ఎముక?

ఎముక కాదు, నరం. మోచేయి లోపలి పక్కన ఉన్న బొడిపె మీడియల్ ఎపికాండైల్. దాని వెనక గాడిలోంచి అల్నార్ నరం చర్మానికి దగ్గరగా పోతుంది. దెబ్బ దానికి తగిలి ఉంగరం వేలూ చిటికెన వేలూ జివ్వుమంటాయి. బల్ల మీద ఆనించుకునే మోచేతి మొన వేరే, దాని పేరు ఒలెక్రనాన్.

## పశువుల దగ్గర

ఆవు, గుర్రం వెనక కాలి మోకాలు వెనక్కి వంగి ఉంటుందేంటి?

అది మోకాలు కాదు, చీలమండ. వెనక్కి మొనలా తేలినది మడమ ఎముక బొడిపె. నేల మీద ఆనేది వేళ్ల కొసలు మాత్రమే, డెక్క అంటే గోరే. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన, తోలు మడత దగ్గర ఉంటుంది. ముందు కాలికి మోకాలు అని మనం పిలిచేది దాని మణికట్టు. మునివేళ్ల మీద నిలబడి అద్దంలో పక్క నుంచి చూసుకుంటే ఆవు కాలు మీకే కనబడుతుంది.

మటన్ కొట్టులో మేకని వేలాడదీసినప్పుడు కొక్కెం గుచ్చిన చోటు గమనించండి. మడమ బొడిపెకి అతుక్కున్న, కండరం కొసన తాడులా ఉండే టెండన్‌కీ ఎముకకీ మధ్య సందు అది. మేక బరువంతా ఆ టెండన్ మోస్తుంది.

ఆవు నడుం చివర పొడుచుకొచ్చిన నాలుగు మూలల్ని ఏమంటారు?

ముందువి రెండూ ట్యూబర్ కాక్సీ, పాడి రంగంలో హుక్ బోన్స్ అంటారు. తోక మొదలుకి రెండు పక్కలా ఉన్నవి ట్యూబర్ ఇస్కియై, వాటిని పిన్ బోన్స్ అంటారు. మనకీ ఇవి ఉన్నాయి. నడుం ముందు పక్క బెల్టు కింద తగిలేది ముందుదానికి సాటి. బండరాయి మీద కూర్చుంటే పిర్రల కింద నొక్కుకునేది రెండోదానికి సాటి.

పాడి రైతుకి ఈ నాలుగు మూలలూ పశువు ఒళ్లు చెప్పే గుర్తులు. పశువు పుష్టిని 1 నుంచి 5 దాకా అంకెలు వేసి చూసే పద్ధతిలో ముందు చూసేవాటిలో ఇవీ ఉంటాయి. మూలలు కత్తిలా తేలితే పశువు చిక్కింది, కొవ్వులో మునిగి కనబడకపోతే మరీ బలిసింది. ఈనే ముందు తోక మొదట్లో గుంటలు పడటం ఎముక కదలడం వల్ల కాదు, అక్కడి లిగమెంట్లు వదులవడం వల్ల. ఈ సంగతి మన పెద్దవాళ్లకి ఏ పుస్తకమూ లేకుండానే తెలుసు.

ఒంగోలు గిత్త మూపురంలో ఎముక ఉంటుందా?

ఉండదు. అది కండరం, కొవ్వు. రాంబాయిడ్ అనే కండరం పెరిగి అలా లేస్తుంది, కిందున్న పూసలు మామూలువే. రుజువు కావాలంటే బ్రెజిల్ చూడండి. నెల్లూరు పేరుతో నెలోర్ అని పిలుచుకునే మన ఒంగోలు జాతి సంతతి అక్కడ కోట్లలో ఉంది. వాటి మూపురాన్ని కుపిం అంటూ నిప్పుల మీద కాల్చి తింటారు. ఎముకైతే కోసుకుని తినలేరు కదా.

అడవి దున్న వీపు మీద లేచిన గట్టు మాత్రం వేరే కథ, దాని లోపల పూసల స్పైనస్ ప్రాసెస్‌లు పొడుగ్గా నిలబడి ఉంటాయి. గుర్రానికి జీను ముందు ఎత్తుగా తగిలే చోటు కూడా అలాంటిదే. గుర్రం ఎత్తు కొలిచేది అక్కడికే.

కొమ్ము కూడా ఎముకేనా? జింక కొమ్మూ ఆవు కొమ్మూ ఒకటేనా?

దీనికి మన రెండు రాష్ట్రాలే మంచి ఉదాహరణ. ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు కృష్ణజింక. దాని కొమ్ము ఆవు కొమ్ము లాంటిది: లోపల నుదుటి ఎముక నుంచి పెరిగిన ఎముక గుంజ, పైన గోరు పదార్థంతో తొడుగు. జీవితాంతం ఉంటుంది, రాలదు. తెలంగాణ రాష్ట్ర జంతువు చుక్కల జింక. మగదాని కొమ్ము కొమ్మలు వేసిన నికార్సైన ఎముక. పెరిగేటప్పుడు మెత్తటి నూగు చర్మం ఉంటుంది, తర్వాత అది ఊడి ఉత్త ఎముక మిగులుతుంది. కొమ్ము రాలిపోయి మళ్లీ కొత్తది మొలుస్తుంది. పుర్రె మీద మిగిలే మోడుని పెడికిల్ అంటారు.

ఖడ్గమృగం కొమ్ములో ఎముకే లేదు, అంతా గోరు పదార్థమే. జిరాఫీ తల మీదివి చర్మం కప్పిన ఎముకలు. అవి పుట్టేటప్పుడు మృదులాస్థిగా తలకి అణిగి ఉంటాయి.

పెద్ద ఆవు కొమ్ములో ఎముక గుంజ బోలుగా ఉంటుంది, ఆ బోలు నుదుటి లోపలి గాలి గదితో కలిసి ఉంటుంది. అందుకే కొమ్ము మొదట్లో విరిగితే ముక్కులోంచి కూడా రక్తం రావచ్చు. పసుపు పెట్టి గుడ్డ కట్టి ఊరుకోకండి, డాక్టరుకి చూపించండి.

కోడి ఎద మధ్యలో పడవ అడుగులా ఉండే ఎముక ఏంటి?

కీల్. ఎగిరే కండరాలు పట్టుకోవడానికి ఎద ఎముక మీద లేచిన గట్టు. ఎగరని ఈముకీ ఉష్ట్రపక్షికీ ఉండదు. లేత కోడిలో దాని వెనక కొస మెత్తగా వంగుతుంది, ముదురు కోడిలో గట్టిపడి వంగదు. కొనేటప్పుడు నొక్కి చూడండి.

## కొత్తగా వచ్చిన బొడిపె అయితే

ఎక్సోస్టోసిస్, ఆస్టియోఫైట్, స్పర్ అన్నీ ఒకటేనా?

ఎక్సోస్టోసిస్ పెద్ద గొడుగు లాంటి మాట: ఎముక పైన అదనంగా పెరిగిన ఎముక ఏదైనా సరే. ఆస్టియోఫైట్ అరిగిన కీలు అంచున పెరిగేది. వయసు మీదపడిన ఆడవాళ్ల వేళ్ల చివరి కణుపుల దగ్గర కనిపించే గట్టి బొడిపెలు ఈ జాతే, వాటిని హెబర్డెన్ నోడ్స్ అంటారు. స్పర్ అంటే ముల్లులా మొనదేలినది, దీన్ని వదులుగా వాడతారు. ఆస్టియోకాండ్రోమా ఎదిగే వయసులో ఎముక కొసల దగ్గర మృదులాస్థి టోపీతో పెరుగుతుంది, మామూలుగా ఎదుగుదల ఆగాక అదీ ఆగుతుంది. కాలస్ విరిగిన ఎముక అతుక్కునేటప్పుడు వచ్చే ఉబ్బు. పిల్లల్లో అది కాలక్రమంలో చాలావరకు సర్దుకుపోతుంది.

మడమలో ముల్లు పెరిగిందన్నారు. ఆపరేషన్ చేయించాలా?

తొందరపడకండి. మడమ ఎముక కింద ఆ మొన ఉన్నా నొప్పి లేనివాళ్లు చాలామంది ఉన్నారు. పొద్దున్నే మంచం దిగి మొదటి అడుగు వేయగానే పొడిచే నొప్పి సాధారణంగా పాదం అడుగున ఉన్న ప్లాంటార్ ఫేషియా అనే గట్టి పట్టీది. పిక్క సాగదీసే వ్యాయామాలు, మెత్తటి చెప్పులు, కొన్ని నెలల ఓపిక. ఎక్కువమందికి వీటితోనే తగ్గుతుంది.

మా అబ్బాయికి మోకాలి కింద బొడిపె లేచింది, ఆడితే నొప్పి అంటున్నాడు.

పది నుంచి పదిహేనేళ్ల మధ్య పరుగులూ గెంతులూ ఎక్కువున్న పిల్లలకి వచ్చే మామూలు సంగతి ఇది. మోకాలి చిప్ప నుంచి వచ్చే టెండన్ టిబియా ట్యుబరాసిటీని లాగుతుంది. ఎదిగే వయసులో ఆ చోటు ఇంకా పూర్తిగా గట్టిపడదు, అందుకే వాచి నొప్పి పెడుతుంది. 1903లో అమెరికాలో ఆస్‌గుడ్, స్విట్జర్లాండ్‌లో ష్లాటర్ విడివిడిగా దీని గురించి రాశారు, ఇద్దరి పేర్లూ కలిపి పిలుస్తారు. ఆట తగ్గించి, ఐస్ పెట్టి ఓపిక పడితే ఎదుగుదల ఆగేసరికి నొప్పి పోతుంది. బొడిపె మిగిలిపోవచ్చు.

ఆడకపోయినా రాత్రిళ్లు నొప్పికి నిద్రలేస్తున్నా, జ్వరం ఉన్నా, వాపు వారాల్లోనే పెరుగుతున్నా ఇది కాకపోవచ్చు. వెంటనే ఎక్స్‌రే తీయించండి.

అంగిట్లో మధ్యలో గట్టి బొడిపె తగిలింది. క్యాన్సరా?

అంగిటి నడిమధ్యలో ఏళ్ల తరబడి రాయిలా, నొప్పి లేకుండా ఉంటే చాలావరకు అది టోరస్ పలటైనస్, హాని లేని ఎముక పెరుగుదల. కట్టుడు పళ్లు సరిపోకపోతే తప్ప తీయరు. మెత్తగా ఉన్నా, పుండు పడినా, ఒక పక్కకే ఉన్నా పళ్ల డాక్టరుకి చూపించండి.

ఆవు దవడ రాయిలా వాచింది. లంపీ అంటున్నారు, టీకా వేయించాలా?

రెండు పేర్లు కలిసిపోయాయి. లంపీ స్కిన్ వైరస్ వల్ల వచ్చే చర్మ రోగం, ఒళ్లంతా గడ్డలు లేస్తాయి. టీకా దానికి. దవడ ఎముకే వాచేది లంపీ జా. గరుకు మేత గుచ్చుకున్న గాయంలోంచి ఆక్టినోమైసిస్ అనే బ్యాక్టీరియా ఎముకలోకి దిగడం వల్ల వస్తుంది. వేలితో తోస్తే కదలదు. ముందే పట్టుకుంటే మందులతో పెరగకుండా ఆపొచ్చు గానీ, వాచిన ఎముక మునుపటిలా కావడం కష్టం.

దవడ కింద మెత్తగా వాచి, వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉంటే అది ఎముక కాదు, నీరు. కార్జపు జలగలో, కడుపులో పాములో కారణం కావచ్చు, పేడ పరీక్ష చేయించండి.

గుర్రం ముందు కాలి లోపలి పక్కన గట్టి బొడిపె వచ్చింది. పరుగు మానేయాలా?

వయసు తక్కువ గుర్రమైతే చాలావరకు స్ప్లింట్. కాలి నడిమి ఎముకకీ పక్కనున్న సన్న ఎముకకీ మధ్య లిగమెంటు ఒరుసుకుని పెరిగిన ఎముక. వేడిగా, నొప్పిగా ఉన్నంతకాలం విశ్రాంతి ఇవ్వాలి. చల్లబడి గట్టిపడితే చూపుకి తప్ప ఇబ్బంది పెట్టదు. డెక్క పైన వచ్చే రింగ్‌బోన్, వెనక కాలి చీలమండ లోపలి వైపు వచ్చే స్పావిన్ అలా కాదు, కీలుకే దెబ్బ కాబట్టి కుంటి మిగలొచ్చు.

## పరీక్షకి ముందు రోజు

మనుషుల పుస్తకంలో ఒక పేరు, పశువుల పుస్తకంలో ఒక పేరు. ఏది రాయాలి?

మీ కోర్సుది రాయండి. మనుషులకి టెర్మినోలోజియా అనటోమికా అనే అంతర్జాతీయ పట్టిక 1998లో వచ్చింది. పశువులకి నోమినా అనటోమికా వెటరినేరియా మొదటిసారి 1968లో వచ్చింది. మనిషి నిలబడతాడు కాబట్టి యాంటీరియర్, పోస్టీరియర్ అంటారు. పశువు నాలుగు కాళ్ల మీద ఉంటుంది కాబట్టి క్రేనియల్, కాడల్, అంటే తల వైపు, తోక వైపు. ఆవు నడుం మూలకి యాంటీరియర్ సుపీరియర్ ఇలియాక్ స్పైన్ అని రాస్తే అర్థమవుతుంది గానీ, ట్యూబర్ కాక్సీ అంటేనే మార్కులు.

బొడిపెలు చూసి ఆడో మగో చెప్పొచ్చా?

మనిషి పుర్రె అయితే ఓ అంచనా వేయొచ్చు. కనుబొమల గట్టు, మాస్టాయిడ్, తల వెనక బొడిపె సగటున మగవాళ్లలో పెద్దవి. కానీ సన్నగా ఉండే మగవాళ్లూ, దిట్టంగా ఉండే ఆడవాళ్లూ ఉంటారు. కటి ఎముక దొరికితే పుర్రె పక్కన పెట్టి దాన్నే చూడండి.

సార్, స్పాటర్లలో (బల్ల మీద ఎముక పెట్టి పేరు అడిగే ప్రాక్టికల్ ప్రశ్నల్లో) ఏవి తప్పకుండా వస్తాయి?

ఇది నన్ను అడగకూడదు. సరే, గుర్రం తొడ ఎముక మూడో ట్రోకాంటర్ ఒకసారి చూసుకుని వెళ్లండి.